లండన్‌లో స్కేట్‌బోర్డింగ్‌కి మంచి చోట్లు ఎక్కడున్నాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: వైజాగ్ బీచ్ రోడ్డులో పొద్దున్నే బండ్లు ఆపేసే వేళల్లో బోర్డు నేర్చుకున్నారు. ఇప్పుడు చదువుకోవడానికి లండన్ వచ్చి ఈస్ట్ హామ్‌లో ఉంటున్నారు. ఇంటి ముందు పేవ్‌మెంట్ మీద బోర్డు సాగడం లేదు, ఎక్కడికి వెళ్లాలో తెలియడం లేదు. నేనూ ఈస్ట్ హామ్‌లోనే ఉంటాను, వారాంతాల్లో బోర్డు పట్టుకుని బయటపడతాను. అందుకే మన పేట నుంచే మొదలుపెట్టి చెప్తాను.

అన్నిటికంటే ముందు చక్రాల సంగతి. ఇక్కడి పేవ్‌మెంట్ చాలాచోట్ల పలకలు పేర్చినది. ప్రతి అతుకు దగ్గరా చిన్న గట్టి చక్రం తగిలి ఆగుతుంది. చక్రం మీద ఉండే నంబరు అది ఎంత గట్టిదో చెప్తుంది. 99ఎ, 101ఎ అని ఉంటే అవి పార్కుల్లోని నున్నటి కాంక్రీటుకి పనికొచ్చేవి. 78ఎ దగ్గర్లో ఉండే మెత్తటి చక్రాలు వేస్తే ఇవే వీధులు చాలా తేలికవుతాయి. కొత్త చోటు వెతికే ముందు ఇది చూసుకోండి. నేను చక్రాలు మార్చాకే ఇంటి నుంచి స్టేషన్ దాకా బోర్డు మీద వెళ్లగలిగాను.

ఇక చోట్లు. మొదట మైల్ ఎండ్ స్కేట్‌పార్కుకి వెళ్లండి. మన ఈస్ట్ హామ్ మీదుగా వెళ్లే మెట్రో, డిస్ట్రిక్ట్ లైన్ మీదే ఉంది, రైలు మారే పని లేదు. పార్కులోకి టికెట్ లేదు. కాంక్రీటు బాగుంటుంది. కానీ వేళ చూసుకుని వెళ్లాలి. శనివారం మధ్యాహ్నం అక్కడ సైకిళ్లు, స్కూటర్లు, చిన్నపిల్లలు, బాగా వచ్చినవాళ్లు అందరూ ఒకేసారి ఉంటారు. కొత్తవాళ్లకి టెన్షన్ తప్ప ప్రాక్టీస్ జరగదు. పొద్దున ఎనిమిది, తొమ్మిది గంటలకు వెళితే సగం పార్కు మీదే. నాకు కిక్‌టర్న్, అంటే ముందు చక్రాలు లేపి బోర్డు తిప్పడం, వచ్చింది ఆ వేళల్లోనే. రోజూ పొద్దున్నే వచ్చే ఒక పెద్దాయన, అడక్కుండానే నా భుజాలు ఎటు తిరగాలో చూపించారు. ఇక్కడ స్కేటర్లు మామూలుగా మాట్లాడరు అనుకుంటాం గానీ, మీ వంతు వచ్చేదాకా ఆగి, ఎదుటివాళ్ల దారికి అడ్డం పోకుండా ఉంటే వాళ్లే పలకరిస్తారు. ఎవరైనా మంచి ట్రిక్ చేస్తే బోర్డు తోకని నేలకి కొడతారు, అదే చప్పట్లు.

సౌత్‌బ్యాంక్‌కి మాత్రం తప్పకుండా వెళ్లండి, మొదట్లో చూడటానికైనా సరే. ఎంబాంక్‌మెంట్ స్టేషన్లో దిగి, నడక వంతెన మీద థేమ్స్ దాటితే క్వీన్ ఎలిజబెత్ హాల్ కింద ఉంటుంది. దాన్ని ఎవరూ స్కేటింగ్ కోసం కట్టలేదు. 1967లో తెరిచిన కచేరీ హాలు అడుగున వాలు గోడలతో మిగిలిపోయిన ఖాళీ అది. 1970ల్లో పిల్లలు ఆ వాలు చూసి బోర్డులతో వచ్చేశారు. 2013లో అక్కడ దుకాణాలు పెట్టాలన్న ప్రతిపాదన వస్తే స్కేటర్లు వేల కొద్దీ అభ్యంతరాలు రాయించి, 2014లో ఆ చోటు నిలబెట్టుకున్నారు. అంతకుముందు మూసేసిన భాగం కూడా బాగుచేసి 2019లో తిరిగి తెరిచారు. 1970ల నాటి ఆ పిల్లలు నేలను చూసిన తీరు నాకు ఎంతో ఇష్టం. మీరూ అలా చూడటం అలవాటు చేసుకుంటే ఈ నగరంలో చోట్లకి కొదవ లేదు. పైగా అక్కడ పైకప్పు ఉంది, లైట్లు ఉన్నాయి. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడే ఊళ్లో, వారంలో సగం రోజులు నేల తడిగా ఉండే ఊళ్లో అది చిన్న విషయం కాదు. తడి నేల మీద మాత్రం వద్దు. జారడం ఒకటి, బేరింగులు తుప్పు పట్టడం ఇంకొకటి.

దక్షిణ లండన్‌లోని స్టాక్‌వెల్ స్కేట్‌పార్కు పేరు అందరూ చెప్తారు. 1978 నాటిది, గొప్ప చోటే. కానీ అక్కడ నేలంతా ఎగుడుదిగుడు అలలే, చదునుగా ఉండేది తక్కువ. చదును రోడ్డు మీద నేర్చుకున్న మీరు మోకాళ్లు వంచి వాలు ఎక్కి దిగడం వచ్చాక వెళ్లండి.

దగ్గర్లో సొంతంగా వెతుక్కోవాలంటే ఆదివారం సాయంత్రం మంచిది. ఇంగ్లండ్‌లో పెద్ద షాపులు ఆదివారం ఆరు గంటలసేపే తెరిచి ఉంచాలి, అందుకే ఆ తర్వాత వాటి కార్ పార్కులు చాలావరకు ఖాళీ అవుతాయి. నేల నున్నగా ఉందో లేదో పాదం రాసి చూడండి, గులకరాళ్లు ఏరేయండి. అయితే అవి ప్రైవేటు స్థలాలు. సెక్యూరిటీ వచ్చి వెళ్లమంటే వాదించకుండా వచ్చేయండి. ఆఫీసు టవర్ల పేట అయిన కెనరీ వార్ఫ్‌లో ఆ నున్నటి రాతి నేల చూసి మనసు లాగుతుంది గానీ, అక్కడ ఎక్కువసేపు ఉండనివ్వరు. ఎలక్ట్రిక్ బోర్డు కొనాలనుకుంటే ఆగండి, ఇక్కడ పబ్లిక్ రోడ్డు మీదా పేవ్‌మెంట్ మీదా అది నేరం.

రిస్ట్ గార్డులు వేసుకోకుండా మాత్రం వెళ్లొద్దు. వైద్యం ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో జరుగుతుంది, కానీ మణికట్టు విరిగితే వారానికి ఇరవై గంటల పార్ట్‌టైమ్ పని ఆగిపోతుంది, అద్దె ఆగదు. హెల్మెట్ కూడా అంతే.

మీ చక్రాల మీద ఏ నంబరుందో చూసి రాయండి. మార్చాలో వద్దో, మారిస్తే ఏ సైజు తీసుకోవాలో చెప్తాను.