మధ్యాహ్నం ఎక్కితే అదే సాయంత్రం దిగుతామా?

ప్రశ్న: జూన్‌లో మా అమ్మాయి దగ్గరికి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్నాను. బెంగళూరులో మధ్యాహ్నం 2కి ఎక్కి అదే రోజు సాయంత్రం 5.30కి దిగుతానని టికెట్‌లో ఉంది. మూడున్నర గంటలేనా?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: అంత అదృష్టమా అమ్మా! దూరం సుమారు 14 వేల కిలోమీటర్లు, ఎక్కడా ఆగకుండా వెళ్ళినా 16 గంటలు పడుతుంది. టికెట్‌లో వేసేది ఎక్కడి టైము అక్కడిదే, జూన్‌లో వాళ్ళు మనకంటే పన్నెండున్నర గంటలు వెనక (చలికాలంలో అయితే పదమూడున్నర) కాబట్టి మీరు దిగేసరికి మారతహళ్ళిలో మర్నాడు పొద్దున 6, పాలప్యాకెట్ గుమ్మంలో పడే వేళ. వచ్చేటప్పుడు మాత్రం ఈ మిగులంతా వడ్డీతో కట్టాలి, శుక్రవారం రాత్రి అక్కడ ఎక్కితే ఇక్కడ దిగేది ఆదివారం తెల్లవారుజామునే. దారిలో విమానం మారే టికెట్టయితే 20 గంటలు దాటుతుంది. అన్నట్టు, ఆవకాయ సీసా చేతిసంచిలో పెట్టకండి, సెక్యూరిటీలో ఆపేస్తారు.