గ్యాస్ డ్రయ్యరుకు కరెంటు ఎంత ఖర్చవుతుంది?

ప్రశ్న: బట్టలు ఆరబెట్టే మా డ్రయ్యరు గ్యాసుతో నడిచేదే అయినా ప్లగ్గు పెట్టనిదే పనిచేయదు. దానివల్ల కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

జవాబు: బట్టలకు వేడినిచ్చేది గ్యాసే అయినా, డ్రమ్మును తిప్పడానికీ, తేమతో బరువెక్కిన గాలిని ఫ్యాను ద్వారా బయటికి నెట్టడానికీ కరెంటు మోటారే కావాలి. బర్నరును వెలిగించే ఇగ్నైటర్ ఎర్రగా కాలేటప్పుడు మోటారుతో సమానంగా కరెంటు లాగినా, మంట అంటుకోగానే ఆగిపోతుంది కనుక దాని లెక్క స్వల్పమే. మోటారు 300 వాట్లు తీసుకుంటుందనుకుంటే, 45 నిమిషాలకు 0.225 యూనిట్ ఖర్చవుతుంది. దాన్ని మీ బిల్లులోని యూనిట్ ధరతో గుణించి చూడండి. పూర్తిగా కరెంటుతో నడిచే మామూలు డ్రయ్యరు ఇదే పనికి 2 నుంచి 4 యూనిట్లు లాగుతుంది. కాబట్టి మీకు అసలు ఖర్చు గ్యాసుదే. డ్రయ్యరులోని జాలీకి బట్టల నుంచి రాలే నూగు పట్టి గాలి ఆడకపోతే మాత్రం రెండు ఖర్చులూ పెరుగుతాయి, పైగా నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. దయచేసి ప్రతిసారీ ఆ నూగును తీసేయండి.