ఖాతా మారిందంటూ వచ్చిన ఈమెయిలు

ప్రశ్న: మాది విజయవాడలో అపార్ట్‌మెంట్లు కట్టే చిన్న సంస్థ. డ్రాయింగులు, బిల్లులు, కూలీల హాజరు అన్నీ ఆన్‌లైన్‌లోనే నడుస్తున్నాయి. ఇనుము వ్యాపారి పేరుతో ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని ఈమెయిలు వస్తే, మా అకౌంటెంటు డబ్బు పంపబోయి అనుమానంతో ఆగారు. ఇలాంటివాటిని ఎలా పసిగట్టాలి?

జవాబు: మీ అకౌంటెంటును ముందుగా అభినందించాలి. స్లాబు వేసే హడావుడిలో, రోజుకు పదిమందికి చెల్లింపులు చేసే నిర్మాణ సంస్థలంటే మోసగాళ్లకు మక్కువ ఎక్కువ. పంపినవారి చిరునామాను అక్షరం అక్షరం చూడండి. ఇంగ్లీషు చిన్నబడి (స్మాల్ లెటర్స్) అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే (rn) ఎం (m) లాగే కనిపిస్తుంది. అయితే వ్యాపారి అసలు ఈమెయిలే దొంగల చేతిలో పడితే చిరునామా సరిగ్గానే ఉంటుంది కాబట్టి, ఖాతా మార్పు అన్నప్పుడల్లా మీ దగ్గర ముందునుంచీ ఉన్న ఫోన్ నంబరుకే మాట్లాడి నిర్ధారించుకోవాలి, ఆ ఈమెయిల్లో ఇచ్చిన నంబరుకు కాదు. డబ్బు వెళ్లిపోయి ఉంటే మాత్రం వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకూ తెలియజేయాలి. ఆలస్యమైతే ఆ సొమ్ము ఖాతాలు మారిపోతుంది.

డ్రాయింగుల సంగతీ మరవకండి. ఫ్రాన్స్‌కు చెందిన బ్విగ్ కన్‌స్ట్రక్షన్ అంతటి పెద్ద సంస్థే 2020 జనవరిలో రాన్సమ్‌వేర్ (ఫైళ్లను తెరవనీయకుండా చేసి డబ్బు డిమాండ్ చేసే ప్రోగ్రాం) దాడికి గురైంది. వారానికోసారి ఫైళ్లన్నిటినీ విడి హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, పని కాగానే దాన్ని కంప్యూటర్ నుంచి తీసివేయండి. సైటు ఆఫీసు గోడమీద సున్నపు గీతల పక్కనే పాస్‌వర్డు రాసిపెట్టే అలవాటు మీ దగ్గరా ఉంటే, ఈరోజే చెరిపేసి, ఇంజినీరుకూ సూపర్‌వైజరుకూ విడివిడిగా లాగిన్ ఇవ్వండి.