ఎముక అతికింది.. చెయ్యి మాత్రం అలసిపోతోంది

ప్రశ్న: నా వయసు 38. ఉపాధ్యాయుడిని. తొమ్మిది నెలల క్రితం బైక్‌ మీది నుంచి పడటంతో కుడి కాలర్‌ ఎముక మధ్యలో విరిగింది. ఆపరేషన్‌ చేయలేదు. ఆరు వారాలు చేతికి స్లింగ్‌ వేశారు. ఎముక అతుక్కుందని ఎక్స్‌రేలో తేలింది. చెయ్యి పూర్తిగా పైకి లేస్తోంది. కానీ బోర్డు మీద పది నిమిషాలు రాసేసరికి భుజం బరువెక్కి చెయ్యి దించేయాల్సి వస్తోంది. ఇంట్లోవాళ్లు ఇదంతా నా అనుమానమే అంటున్నారు. నిజమేనా?

జవాబు: అనుమానం కాదండీ. ఎముక అతకడం వేరు, భుజం కోలుకోవడం వేరు. మీ ఎక్స్‌రే మొదటి సంగతే చెప్పింది.

చేతిని మొండెంతో కలిపే ఎముక కాలర్‌ ఎముక ఒక్కటే. భుజాన్ని ఛాతీకి దూరంగా నిలబెట్టే ఊతకర్ర అది. మధ్యలో విరిగినప్పుడు లోపలి ముక్కను మెడ కండరం పైకి లాగుతుంది. బయటి ముక్క చేతి బరువుకు కిందికి జారుతుంది, ఛాతీ కండరాలు దాన్ని లోపలికి లాగుతాయి. అలా ఒకదానిపై ఒకటి ఎక్కిన ముక్కలు అక్కడే అతుక్కుంటే ఎముక పొట్టిదవుతుంది. భుజం ముందుకు, లోపలికి వస్తుంది. వెనక ఉన్న రెక్క ఎముక ముందుకు వాలుతుంది. ప్రతి కండరానికీ బాగా పనిచేసే నిడివి ఒకటుంటుంది. అది మారితే చెయ్యి లేస్తుంది గానీ ఎక్కువసేపు నిలవదు.

కెనడా వైద్యులు ముక్కలు పక్కకు జరిగిన ఇలాంటి విరుపు ఆపరేషన్‌ లేకుండా నయమైన 30 మందిని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. కదలిక బాగానే ఉంది. చేతిని పక్కకు ఎత్తే బలం మాత్రం బాగున్న చేతితో పోలిస్తే 82 శాతమే. అదే పనిని పదేపదే చేసే ఓర్పు ఇంకా తక్కువ, 67 శాతం. బోర్డు దగ్గర మీకు చాలనిది ఆ ఓర్పే. ఒక్కసారి చెయ్యెత్తించి చూసే పరీక్షలో ఇది బయటపడదు.

ఇంట్లోనే ఒకటి చూడండి. చొక్కా తీసి నిటారుగా నిలబడి, గొంతు కింద గుంట నుంచి భుజం పైన చివరి బొడిపె దాకా టేపుతో రెండు వైపులా కొలిపించుకోండి. కొద్ది మిల్లీమీటర్ల తేడా సహజం. ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు తక్కువుంటే పట్టించుకోవాలి. చేతులు మెల్లగా దించుతున్నప్పుడు కుడి రెక్క ఎముక వెనక్కి పొడుచుకొస్తోందేమో మీ వెనక నిలబడినవారిని చూడమనండి. విరిగినచోట తగిలే గడ్డ అతుకు ఎముకే. దానికి భయపడవద్దు.

నిడివి తగ్గకపోతే స్లింగ్‌లో ఆరు వారాలు ఖాళీగా ఉండి కండరాలు చిక్కిపోవడమే కారణం కావచ్చు. చెయ్యి లేవగానే చాలామంది వ్యాయామాలు మానేస్తారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. రెక్క ఎముకలను వెనక్కి దగ్గరగా బిగించి ఐదు సెకన్లు ఉంచడం, గోడకు చేతులానించి తోయడం, రబ్బరు బ్యాండు లాగడం.. వీటిని ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని కనీసం మూడు నెలలు చేయండి. పెద్ద డంబెల్స్‌ వద్దు. తక్కువ బరువు, ఎక్కువసార్లు. ఓర్పు అలాగే పెరుగుతుంది. ఈలోగా బోర్డుకు దగ్గరగా నిలబడి ఛాతీ ఎత్తులోనే రాయండి.

చేతికిపోయే నరాలు, రక్తనాళాలు ఈ ఎముక కిందుగానే వెళతాయి. ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కినా, చెయ్యి వాచినా, రంగు మారినా మూడు నెలలు ఆగకుండా వెంటనే ఎముకల వైద్యుణ్ని కలవండి. విరిగినచోట కదులుతున్నట్టు నొప్పి ఉంటే సీటీ స్కాన్‌ చేయించాలి. ఎముక బాగా పొట్టిదై, వ్యాయామంతోనూ మార్పు లేకపోతే దాన్ని తిరిగి కోసి, నిడివి సరిచేసి ప్లేటు వేసే ఆపరేషన్‌ ఉంది. ఏళ్ల తర్వాతైనా చేయవచ్చు కాబట్టి, ముందు వ్యాయామాలకు సమయమిచ్చి చూడండి.