కార్డ్ రీడర్ పట్టుకుని కూర్చున్న ఈసీఈ అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. స్నేహితులంతా వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటుంటే, తను చిన్న కార్డ్ రీడర్ కొనుక్కుని మా పాత ఏటీఎం కార్డులు, సిమ్‌లు పెట్టి ఏవో అంకెలు చూస్తూ కూర్చుంటోంది. దీంతో ఉద్యోగం వస్తుందా? మాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, రాజమండ్రి

జవాబు: వస్తుందండీ. ముందు ఒక్కసారి తన పక్కన కూర్చుని ఆ అంకెలేంటో చెప్పమనండి.

రీడర్ కార్డుకి కరెంటిచ్చి రీసెట్ చేయగానే కార్డు తన పరిచయం చెప్పుకుంటుంది. దాన్నే ఏటీఆర్ అంటారు, 33 బైట్లకు మించదు. హెక్స్‌లో (0–9 అంకెలు, ఏ–ఎఫ్ అక్షరాలతో రాసే లెక్కలో) మొదటి బైటు 3బి గానీ 3ఎఫ్ గానీ ఉంటుంది. తర్వాతి బైట్లలో కార్డు ఏ వేగంతో, ఏ ప్రోటోకాల్‌లో మాట్లాడగలదో ఉంటుంది. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఏటీఆర్ చూసి ‘ఇది ఫలానా బ్యాంకు కార్డు’ అనేస్తారు. ఒకే రకం చిప్పు వాడితే వేర్వేరు కార్డులకూ ఒకే ఏటీఆర్ రావచ్చు. పైగా కార్డు ట్యాప్ చేసినప్పుడు కంప్యూటర్లో కనిపించే ఏటీఆర్ కార్డు పంపింది కాదు, రీడర్ తయారుచేసి ఇచ్చింది.

లోపల ఏ అప్లికేషన్ ఉందో తెలియాలంటే దాన్ని పేరు పెట్టి పిలవాలి. ఆ పేరే ఏఐడీ. 5 నుంచి 16 బైట్లుంటుంది. మొదటి 5 బైట్లు ఆ అప్లికేషన్ సొంతదారు సంస్థకి రిజిస్టరైన నంబరు, మన ఇంటిపేరు లాంటిది. రూపే కార్డు పెట్టి 00 ఏ4 04 00 అనే సెలెక్ట్ కమాండ్‌కి, పొడవు చెప్పే 07 చేర్చి, ఏ0 00 00 05 24 10 10 పంపమనండి. ఆ అప్లికేషన్ ఉంటే తన వివరాలిచ్చి చివర్లో 90 00 అంటుంది. అదే కమాండ్ సిమ్‌కి పంపితే సాధారణంగా 6ఏ 82 వస్తుంది, అంటే అలాంటిది ఇక్కడ లేదని. దుకాణంలో స్వైపింగ్ మెషీన్ కూడా డబ్బు సంగతి ఎత్తకముందు చేసేది ఇదే పని.

ఇది తెలిసినవాళ్లు పీఓఎస్ (దుకాణాల్లోని స్వైపింగ్) మెషీన్ల సాఫ్ట్‌వేర్, వాటి టెస్టింగ్, సిమ్, ఈ-సిమ్, మెట్రో గేట్లు, ఈ-పాస్‌పోర్టు వైపు వెళ్లొచ్చు. దాచకుండా చెబుతున్నాను, వెబ్ ఉద్యోగాలతో పోలిస్తే ఇక్కడ ఖాళీలు తక్కువ. ఫ్రెషర్‌కి చాలాసార్లు టెస్టింగ్‌లోనే మొదలవుతుంది. అది చిన్నపని అనుకోకండి, రంగం లోతు తెలిసేది అక్కడే. అయితే సీ భాష గట్టిగా రావాలి, చిప్పు కార్డుల్లో నడిచే ప్రోగ్రాములు రాసే జావా కార్డ్ కొంత తెలియాలి, చిప్పు కార్డులు ఎలా పనిచేయాలో చెప్పే ఐఎస్ఓ 7816 ప్రమాణం చదివి అర్థం చేసుకోగలగాలి. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల కోసం మామూలు ప్రోగ్రామింగ్ ప్రాక్టీసు మాత్రం ఆపొద్దు.

అమ్మాయికి ఒక జాగ్రత్త చెప్పండి. ఇంట్లో వాడుకలో ఉన్న కార్డులకు పిన్ కమాండ్లు పంపొద్దు. సిమ్‌కి మూడుసార్లు తప్పు పిన్ వెళ్తే లాక్ అయిపోతుంది. వేరేవాళ్ల కార్డులు అసలు ముట్టుకోవద్దు.

ఫైనలియర్ ప్రాజెక్టుగా, కార్డు పెట్టగానే ఏటీఆర్ విడమరిచి, తెలిసిన ఏఐడీలు ఒక్కొక్కటీ ప్రయత్నించి, దొరికిన అప్లికేషన్ల పేర్లు చూపించే ప్రోగ్రామ్ రాయమనండి. ఏ కమాండ్‌కి ఏ జవాబొచ్చిందో మొదటిరోజు నుంచే నోట్‌బుక్‌లో రాసుకుంటే, ఇంటర్వ్యూలో బల్లమీద పెట్టి చూపించొచ్చు.