మోకరిస్తే మాట రావట్లేదు, విశ్వాసం పోయిందేమో అన్న ప్రశ్నకు

విశ్వాసం పోయినవాళ్లకు ఆ బెంగే ఉండదండి. ఉద్యోగం పోయినప్పటి నుంచి దేవుడి మీద కోపంగా ఉందని మీరే రాశారు. ఆ కోపాన్ని పక్కన దాచి "స్తోత్రం తండ్రీ" అని మొదలుపెడుతున్నారు. గొంతు పట్టేసేది అక్కడే అనుకుంటున్నాను.

ఈ రాత్రి బైబిల్లో దావీదు రాసిన 13వ కీర్తన తెరవండి. ఆరే వచనాలు.

1. మొదటి రెండు వచనాలూ ఫిర్యాదే. నన్ను ఎన్నాళ్లు మరిచిపోతావని దావీదు దేవుణ్ణే నిలదీస్తాడు. చాలామంది ఇది దాటేసి, కృపను నమ్ముకున్నానన్న ఐదో వచనానికి ఉరుకుతారు. మీరు ఇక్కడే ఆగండి. ఉద్యోగం, అద్దె, ఇంట్లో పడిన మాటలు, అన్నీ పేరుపెట్టి పైకే చెప్పండి. ప్రార్థన భాష అక్కర్లేదు, ఇంట్లో మాట్లాడే తెలుగు చాలు. ఏడుపొస్తే రానివ్వండి.

2. తర్వాత ఒక్కటే అడగండి. 3వ వచనంలో దావీదు కూడా కళ్లకు వెలుగిమ్మని అడుగుతాడు.

3. ఐదో వచనం నోటికి రాకపోతే ఈరోజుకి వదిలేయండి. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, అయినా అది బైబిల్లో ఉంది.

4. మాటలే రాకపోతే ఊరికే కూర్చోండి. ఉచ్చరింపలేని మూలుగులతో పరిశుద్ధాత్మ మన పక్షాన విజ్ఞాపన చేస్తాడని బైబిల్లోని రోమా పత్రిక 8:26 చెబుతుంది.

దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల కూటంలో అందరూ గెలుపులే చెబుతారు, వాటితో పోల్చుకోకండి.

నిద్ర, తిండి వారాల తరబడి తప్పితే మాత్రం డాక్టరుకు చూపించుకోండి. ప్రార్థన మానక్కర్లేదు.