ఇంటి నెట్‌కి ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ కొనాలా? రూటర్‌లో ఏమేం మార్చాలి?

కొత్తగా ఫైబర్ కనెక్షన్ పెట్టించామని, ఇంట్లో లాప్‌టాప్‌లు, ఫోన్లు, టీవీ, సీసీ కెమెరాలు ఉన్నాయని, ఏ ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే అక్కర్లేని కనెక్షన్లను ఆపే కాపలా) సాఫ్ట్‌వేర్ కొంటే మంచిదని అడిగారు. ఏదీ కొనక్కర్లేదండీ, విండోస్‌తో వచ్చేదే చాలు. ఆ డబ్బు మిగుల్చుకుని ఒక సాయంత్రం రూటర్ సెట్టింగులు చూడండి. మా ఇంట్లో, అమ్మానాన్నల దగ్గర, అన్నయ్య వాళ్లింట్లో ఈ పనులన్నీ నేనే చూస్తాను. నాకు లోపాలు కనబడింది ఎక్కువగా రూటర్లోనే.

అన్నయ్య వాళ్లింట్లో కెమెరాలు బిగించినతను, బయటి నుంచి ఫోన్‌లో చూసుకోవడానికి వీలుగా రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి నేరుగా ఇంట్లో పరికరానికి దారి తెరవడం) పెట్టి వెళ్లాడు. కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె డీవీఆర్‌కి మాత్రం కంపెనీ పెట్టిన పాస్‌వర్డే ఉంచేశాడు. అంటే ప్రపంచంలో ఎవరైనా ఆ లాగిన్ పేజీ దాకా వచ్చేయొచ్చు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలాంటి డీవీఆర్‌లు, కెమెరాలు, రూటర్లలోకే దూరింది. కంపెనీలు పెట్టే పాస్‌వర్డ్‌లు అరవై పైచిలుకు వరసగా కొట్టి చూడడమే అది చేసిన పని. అలా చేజిక్కిన పరికరాలతోనే ఆ ఏడాది అక్టోబరులో డైన్ అనే డీఎన్ఎస్ (సైట్ పేరును దాని నెట్ అడ్రస్‌గా మార్చే సేవ) సంస్థ మీద దాడి చేస్తే, ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. అన్నయ్య రూటర్‌లో ఆ పోర్ట్ తీసేసి, డీవీఆర్ పాస్‌వర్డ్ మార్చి, కెమెరా కంపెనీ యాప్‌లోనే చూసుకునేలా పెట్టాను. మీ ఇంట్లో కూడా అన్నిటికంటే ముందు ఇదే చూడండి.

రూటర్ అడుగున స్టిక్కర్ మీద అడ్రస్ ఉంటుంది, చాలావాటికి 192.168.1.1 లేదా 192.168.0.1. బ్రౌజర్‌లో అది కొట్టి లోపలికి వెళ్లి అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. ఇది, వైఫై పాస్‌వర్డ్ వేర్వేరు. కనెక్షన్ ఇచ్చే కుర్రాళ్లు చాలాసార్లు మన ఫోన్ నంబరే వైఫై పాస్‌వర్డ్‌గా పెడతారు, అది వీధిలో అందరికీ తెలిసిన నంబరు. పొడుగ్గా ఇంకేదైనా పెట్టండి. సెక్యూరిటీ రకం (వైఫైకి తాళం వేసే పద్ధతి) డబ్ల్యూపీఏ3 ఉంచండి. పాత టీవీ దానికి కనెక్ట్ కాకపోతే డబ్ల్యూపీఏ2, 3 కలిసి ఉన్నది ఎంచుకోండి.

డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే సదుపాయం) తప్పకుండా ఆపేయండి. దాని పిన్‌లో 8 అంకెలు ఉన్నా, రూటర్ దాన్ని రెండు సగాలుగా సరిచూస్తుంది. చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కగట్టేదే. అందుకే కోట్లలో ఉండాల్సిన ప్రయత్నాలు 11,000కి దిగిపోతాయి. ఈ లోపం 2011లోనే బయటపడింది, అయినా ఆ ఆప్షన్ ఆన్‌లో ఉన్న రూటర్లు నాకు ఇప్పటికీ తగులుతున్నాయి. రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి రూటర్ సెట్టింగులు మార్చే వీలు), యూపీఎన్‌పీ కూడా ఆఫ్ చేయండి. యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే ఇంట్లో పరికరాలు మనల్ని అడక్కుండానే పోర్టులు తెరుచుకుంటాయి. గేమింగ్ కన్సోల్ ఉన్నవాళ్లకు మాత్రం దానితో అవసరం పడొచ్చు.

ఎక్కువమంది పట్టించుకోనిది ఐపీవీ6, అంటే పరికరాలకు నెట్ అడ్రస్‌లు ఇచ్చే కొత్త పద్ధతి. పాత పద్ధతిలో ఇంట్లో అన్నీ ఒకే బయటి అడ్రస్ వెనక ఉంటాయి కాబట్టి కొంత రక్షణ దానంతట అదే దొరికేది. ఐపీవీ6లో ప్రతి పరికరానికీ బయటకు కనబడే సొంత అడ్రస్ వస్తుంది. కాబట్టి రూటర్ ఫైర్‌వాల్ ఐపీవీ6కి కూడా ఆన్‌లో ఉందో లేదో తప్పక చూసుకోండి.

వైఫై కెమెరాలు, స్మార్ట్ బల్బుల్లాంటివి గెస్ట్ నెట్‌వర్క్‌లో (రూటర్ విడిగా ఇచ్చే రెండో వైఫైలో) పెట్టండి. వాటిలో ఒకటి హ్యాకర్ల చేతికి చిక్కినా, దాని నుంచి మీ లాప్‌టాప్ జోలికి రావడం కష్టం. టీవీని మాత్రం ఫోన్లున్న నెట్‌వర్క్‌లోనే ఉంచండి, లేకపోతే ఫోన్ నుంచి కాస్టింగ్ పనిచేయదు.

లాప్‌టాప్‌లో విండోస్ ఫైర్‌వాల్ ఆన్‌లో ఉంటే చాలు. ఫైల్ షేరింగ్ అవసరం లేకపోతే ఇంటి వైఫైకి కూడా పబ్లిక్ ప్రొఫైలే (మిగతా పరికరాలకు లాప్‌టాప్ కనబడకుండా ఉంచే సెట్టింగ్) పెట్టుకోండి. మ్యాక్ ఉంటే ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో సెట్టింగ్స్‌లో చూడండి. బయటి ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ నేనెందుకు వద్దంటానంటే, అవి మాటిమాటికీ అనుమతి అడుగుతాయి, విసుగొచ్చి ఇంట్లోవాళ్లు అన్నిటికీ 'అలౌ' నొక్కేస్తారు.

ఇంకొకటి. నెట్ పోయినప్పుడు వచ్చే టెక్నీషియన్ రీసెట్ బటన్ నొక్కితే ఇవన్నీ మొదటికొస్తాయి. మార్చినవన్నీ ఫొటో తీసి పెట్టుకోండి, అతను వెళ్లగానే మళ్లీ పెట్టేయొచ్చు.